తల దొరకలే

మా తాత దుర్గం బక్కయ్య
సచ్చేదాకా ఒక్కటే మాట:
"అన్ని బొక్కలు దొరికినయి బిడ్డా,
తల దొరకలే."

సిరొంచ అవతల ఎర్రమన్ను చెల్కల్ల
కలకత్తా సార్లు డేరాలేసిన ఏడాది
తాత బండి, రెండెడ్లు కిరాయికి పోయినయి.
తొడబొక్క ఒక్కదాన్ని లేపనీకె ఎనిమిదిమంది.
గోనెపట్ట సుట్టి, తెల్లపిండి మెత్తి
విరిగిన కాలుకు కట్టు గట్టినట్టు గట్టిన్రట.
బండి మీదికెక్కియ్యంగనే ఎడమ దిక్కు ఎద్దు
కాడి పడేసి వాగు దాంక ఉరికిందట.
దానికేం వాసనొచ్చిందో.
తాతకైతే ఉత్త మన్ను వాసనే.

నాది తునికాకు ఫడి మీద లెక్క పని.
ఏటి ఆవల కట్టకు యాభై ఆకులు,
మా దిక్కు డెబ్బై.
వెయ్యి కట్టలకు ఒక సంచి.
అందుకే కోట్లంటే నాకు బుగులు లేదు.
అది బతికి పద్దెనిమిది కోట్ల ఏండ్లయిందన్నరు,
ఏడాదికొక ఆకు లెక్కన కట్టలు కట్టి సూసిన:
రెండువేల అయిదువందల డెబ్బయొక్క సంచి,
పైన కొన్ని ఆకులు.
మా ఫడి మీద నాలుగు ఎండకాలాల పని.
గంతేనా, అనిపించింది.
ఆ రాత్రి నిద్రయితే పట్టలే.

దాని పేరు నేను చదివింది బడిల, మరాఠీల.
బరాపాసోరస్.
పెద్దకాళ్ల బల్లి అని అర్థమట.
ఇంటికొచ్చి అవ్వకు చెప్తే
"బల్లికి గన్ని పైసలెందుకు పెట్టిన్రే" అన్నది,
చాపకు పొలుసు గీక్కుంట.
నా కాడ గూడ ఒక పొలుసున్నది.
సున్నపురాతిల ఇరికి, నల్లగ,
నూనె రాసినట్టు మెరుస్తది.
జర్ద డబ్బల దూది పరిచి పెట్టిన.
మా ఆయన ఒకసారి దాన్ని
వక్కపలుకు అనుకొని నోట్లేసుకున్నడు.

మొన్న రోడ్డు పక్కన సిమెంటు బొమ్మ నిలబెట్టిన్రు.
కాళ్లు మంచిగనే కుదిరినయి, తోక గూడ.
మీద సూస్తే తల!
ఎక్కడిదయ్యా ఈ తల, ఎవలకు దొరికిందని
ఆలాపల్లి మేస్త్రిని నిలదీసిన.
చెవి గోక్కున్నడు.
"కండ్లు మా ఇంటి దున్నపోతువి మావ్శీ,
నవ్వు మా మామది."
నేను నవ్విన, వాడు నవ్విండు,
బొమ్మ ముందునుంచే నవ్వుతున్నది.

గని, ఆ పెద్ద వరద ఏడాది చెప్పాలె.
ప్రాణహిత ఎనుకకు తన్ని
మా మిరపతోట మూడొద్దులు నీళ్లల్ల పండింది.
నీళ్లు తీసినంక పోసుబాయి బర్రె
తుమ్మకొమ్మల్ల తట్టుకొని ఉన్నది, ఉబ్బి.
రెండో దినం మెడ సాగింది.
మూడో దినం, మేం సూస్తుండంగనే,
తల మెల్లగ ఊడి
తొవ్వ తెలిసినదాని లెక్క
నీళ్లెంబడి తన దారిన పోయింది.
కాళ్లు ఆడనే ఉన్నయి.
పక్కటెముకలు ఆడనే.

పోసుబాయి ఏడుస్తున్నది.
నా తోట గూడ పోయింది, నేను గూడ ఏడ్వాలె.
మోకాలు బురదల నిలబడి నేను
"తాతా, గిట్లనే పోయిందే" అన్న, పైకి.
"ఏం పోయిందే, నా బర్రెనా?" అన్నదామె.
ఏం చెప్పాలె?
పద్దెనిమిది కోట్ల ఏండ్ల కింద
ఇంకో మంద మునిగిందని చెప్పాలెనా?
ఆ ముచ్చటకు ఇయ్యాల్టికీ
ఆమె ఎదురైతే నాకు మొఖం చెల్లది.

తల ఎటు పోయిందో అప్పటి ఏరుకే ఎరుక.
ఆ ఏరు ఎటు పారిందో
అడుగుదామంటే ఏరు లేదు.

ఎండకాలం జంగల్లకు పోతే
అందరు కొమ్మల దిక్కు సూస్తరు, లేతాకు కోసం.
నేను కాళ్ల కింద సూస్త.
ముకద్దం తిడతడు:
"తానుబాయి, ఇయ్యాల గూడ
పది కట్టలు తక్వ."